2008 నాటి లండన్ ప్రదర్శనకు చిత్రాలు పంపడానికి రష్యా ఎందుకు వెనుకాడింది?

లండన్‌లోని రాయల్ అకాడమీలో 2008 జనవరిలో మొదలైన ‘ఫ్రమ్ రష్యా’ ప్రదర్శనలో ఫ్రెంచి చిత్రాలే ప్రధాన ఆకర్షణ. వాటిలో ఎక్కువ భాగం సెర్గేయ్ షుకిన్, ఇవాన్ మొరొజోవ్ అనే మాస్కో వస్త్ర వ్యాపారులు కొన్నవి; 1918లో లెనిన్ ప్రభుత్వం ఆ సేకరణలను పరిహారం ఇవ్వకుండా జాతీయం చేసింది. అందువల్ల అవి సరిహద్దు దాటితే వారసులు గానీ, రష్యా నుంచి బాకీలు రావలసినవారు గానీ అక్కడి కోర్టు ద్వారా జప్తు చేయిస్తారన్న భయం ఉండేది. అది వట్టి అనుమానం కాదు: 2005లో స్విట్జర్లాండ్‌లో ఒక సంస్థ తన బాకీ కోసం మాస్కోలోని పుష్కిన్ మ్యూజియం చిత్రాలను నిజంగానే ఆపించగా, స్విస్ ప్రభుత్వం జోక్యం చేసుకుని విడిపించింది.

రష్యా వెనక్కి తగ్గడంతో, అప్పటికే పార్లమెంటు ఆమోదం పొందిన జప్తు నిరోధక నిబంధనలను బ్రిటన్ 2007 డిసెంబరు ఆఖరుకు హడావుడిగా అమల్లోకి తెచ్చింది. దానివల్లే ఫ్రెంచి చిత్రకారుడు మాతీస్ 1910లో షుకిన్ ఇంటి మెట్ల దారి కోసం పూర్తిచేసిన ‘నాట్యం’ లండన్ చేరింది. దాదాపు 4 మీటర్ల వెడల్పున్న ఆ చిత్రంలో నీలి ఆకాశం కింద, పచ్చని నేలమీద ఐదుగురు ఎర్రని నర్తకులు వలయంగా తిరుగుతుంటారు. ముందువైపు ఇద్దరి చేతులు మాత్రం అందీ అందనట్టు ఉంటాయి. ఇంతటి చిత్రాన్ని జనానికి చూపడానికి ఆ రక్షణ అవసరమేనని నా అభిప్రాయం. అయితే ఆ రక్షణ చిత్రం ఎవరి సొత్తో తేల్చదు, సాధారణంగా 12 నెలలకు మించదు. పైగా చిత్రం పూర్వ చరిత్రను ముందే ప్రచురించాలి.