కాఠ్మాండూ పిల్లల హోమ్‌లో రెండు రోజులు: బహుమతులు, వీడ్కోలు సంగతి

చెల్లెమ్మా, బెజవాడలో ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదువుతూ ఇంటర్న్‌షిప్ మీద కాఠ్మాండూ వెళ్తున్నానన్నావు. అక్కడి అనాథ పిల్లల హోమ్‌లో శని, ఆదివారాలు ఉండాలి, ఏం పట్టుకెళ్లాలి, వచ్చేటప్పుడు పిల్లలు ఏడిస్తే ఎలా అని అడిగావు.

బీసెంట్ రోడ్డులో తలా ఒక బొమ్మ కొనే ఆలోచన మానెయ్. ఎవరిది బాగుందని తగువులొస్తాయి. అందరూ ఆడుకునే క్యారమ్స్ బోర్డు కొని వార్డెన్ చేతికివ్వు, చాలు.

ఏడుపు సంగతే అసలైనది. రెండు రోజులు ఒళ్లో కూర్చోబెట్టుకుని మాయమయ్యే అక్కలు ఒకరి తర్వాత ఒకరు వస్తుంటే, ఆ పిల్లలకు మనుషుల మీద నమ్మకం పోతుంది. ఇలాంటి వాలంటీరింగ్ వల్ల జరిగే హానిని 2019లో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ కూడా తన తీర్మానంలో ప్రస్తావించింది. అందుకే స్నానాలు, నిద్రపుచ్చడం రోజూ చూసే ఆయమ్మలకే వదిలెయ్. నువ్వు వంటింట్లో, హోంవర్క్ దగ్గర సాయపడు. ఎప్పుడు వెళ్లిపోతావో మొదటి రోజే చెప్పు. రాలేనప్పుడు 'మళ్లీ వస్తా' అని మాత్రం అనకు.

'మీ అమ్మానాన్న ఏరి' అని అడగొద్దు. నేపాల్ హోముల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. చదువు చెప్పిస్తామన్న దళారుల మాట నమ్మి పంపినవాళ్లున్నారు. తల్లిదండ్రులతో ఫోన్లో మాట్లాడనిస్తున్నారో లేదో గమనించి, అనుమానం వస్తే మీ సూపర్‌వైజర్‌కు చెప్పు.

పిల్లల ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో అస్సలు వద్దు.

వీసా టెన్షన్ లేదు, కానీ నీ వయసుకు ఆధార్ సరిపోదు. పాస్‌పోర్టో ఓటరు కార్డో పెట్టుకో.