ఆస్ట్రేలియాలో ఆదివాసులు కస్టడీలో అంతమంది ఎందుకు చనిపోతున్నారు?

"ఇక్కడి జైళ్లలో అబోరిజినల్ ఆదివాసులను ప్రత్యేకంగా హింసిస్తారా?" అని అడిగారు. లోపల ఏం జరిగిందన్నది తర్వాత, ముందు వాళ్లను లోపలికి ఎందుకు తీసుకెళ్లారో అడగండి. కస్టడీలో జరిగిన 99 మంది ఆదివాసుల మరణాలను పరిశీలించిన రాయల్ కమిషన్ (ప్రభుత్వం వేసిన విచారణ సంఘం) 1991లో చెప్పిందీ ఇదే. కస్టడీలోకి వెళ్లాక మిగతావాళ్లకన్నా వీళ్లు ఎక్కువ రేటులో చనిపోవడం లేదు, వీళ్లను పట్టుకెళ్లడమే విపరీతంగా ఎక్కువ. జనాభాలో నాలుగు శాతం కూడా లేనివాళ్లు ఇవాళ ఖైదీల్లో దాదాపు మూడో వంతు.

బెండిగోలో ఉద్యోగం చేసేటప్పుడు వారాంతాల్లో ట్రైన్‌లో మెల్‌బోర్న్ వచ్చేవాడిని. ఒక శుక్రవారం రాత్రి మన తెలుగు కుర్రాడొకడు ఆఫీస్ పార్టీలో ఫుల్లుగా తాగి, కాళ్లు దారిలోకి చాపి పడుకున్నాడు. కండక్టర్ భుజం తట్టి ఎక్కడ దిగాలో అడిగాడు. సన్‌షైన్ స్టేషన్ వచ్చే ముందు మళ్లీ వచ్చి లేపి, బ్యాగ్ చేతికిచ్చి మరీ దింపాడు.

అదే లైన్‌లో 2017 డిసెంబర్ 5న తాన్యా డే అనే యోర్టా యోర్టా ఆదివాసి తెగ మహిళ ఎచూకా నుంచి మెల్‌బోర్న్ వెళ్తూ, తాగి ఉండి నిద్రపోయారు. కండక్టర్ పోలీసులను పిలిపించాడు. కాసిల్‌మెయిన్‌లో దింపి, బహిరంగంగా తాగి ఉన్నారని అరెస్టు చేసి సెల్‌లో పెట్టారు. అక్కడ పడిపోయి గోడకు తల కొట్టుకున్నారు. అంబులెన్స్ పిలిచేసరికి మూడు గంటలు గడిచాయి. 17 రోజుల తర్వాత ఆసుపత్రిలో చనిపోయారు. ఆమె ఆదివాసి కావడం కండక్టర్ నిర్ణయం మీద ప్రభావం చూపిందని, ఇలాంటి మరణాలపై విచారణ జరిపే అధికారి అయిన కరోనరే తేల్చారు. పోలీసుల మీద మాత్రం కేసు పెట్టలేదు. ఆమె దగ్గర బంధువు హారిసన్ డే కూడా 1982లో పోలీస్ కస్టడీకి వెళ్లే చనిపోయారు. కమిషన్ చూసిన ఆ 99 మందిలో ఆయనొకరు.

తాగి ఉండటాన్ని నేరాల జాబితాలోంచి తీసేయమని కమిషన్ 1991లోనే చెప్పింది. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రం ఆ పని చేసింది 2023 నవంబర్‌లో.

మన గెట్‌టుగెదర్లలో "వాళ్లంతా తాగుబోతులండీ, గవర్నమెంట్ డబ్బులిచ్చి పాడుచేస్తోంది" అంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. తాగి ట్రైన్‌లో పడుకోవడమే తప్పయితే ఆ రాత్రి మనవాడూ సెల్‌లోనే ఉండాలి కదా! మన ఊళ్లలో దొంగతనం జరిగితే పోలీసులు ముందు ఎవరి వాడలోకి వెళ్తారో తెలిసిన మనం కూడా ఇలా మాట్లాడితే ఎలా?

బెయిల్ సంగతీ అంతే. షాపుల్లో దొంగతనం కేసులో బెయిల్ రాక, 2020 జనవరి 2న వెరోనికా నెల్సన్ అనే ఆదివాసి మహిళ మెల్‌బోర్న్ జైల్లో చనిపోయారు. రాత్రంతా ఇంటర్‌కామ్‌లో సాయం అడుగుతూనే ఉన్నారు. కరోనర్ ఆ బెయిల్ చట్టాన్ని తీవ్రంగా తప్పుపట్టాక 2024లో కాస్త సడలించారు. 2025 మార్చిలో మళ్లీ బిగించారు. ఆ దెబ్బ ముందుగా తగిలేది ఆదివాసులకేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.