ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ట్యాగులకు వికీ ఉండగా ఆంటాలజీ ఎందుకు?

ట్యాగుల అర్థాలు రాసిపెట్టిన వికీ మనుషులు చదవడానికి; అందులోని అర్థం సాఫ్ట్‌వేర్‌కు నేరుగా అందదు. ఆంటాలజీ అంటే ఏ పదానికి ఏ అర్థమో, వాటి మధ్య సంబంధమేమిటో సాఫ్ట్‌వేర్‌కు అర్థమయ్యేలా రాసిన వివరణ. 2004లో మొదలైన, ఎవరైనా మార్చగలిగే ఈ ప్రపంచ మ్యాప్‌లో ట్యాగ్ అంటే ఒక దారికో భవనానికో తగిలించే కీ, విలువ అనే జంట. ఎవరైనా కొత్తది పెట్టొచ్చు, చిక్కంతా అక్కడే. ఒకే నడకదారికి ఒకరు హైవే=ఫుట్‌వే అని రాస్తారు. ఇంకొకరు హైవే=పాత్ పెట్టి, పక్కన ఫుట్=డిజిగ్నేటెడ్ చేరుస్తారు. రెండూ నడకదారులే అని ఓడబ్ల్యూఎల్ లాంటి ఆంటాలజీలు రాసే భాషలో ఒక్కసారి చెబితే చాలు, నడకదారులు వెతికేటప్పుడు రెండూ దొరుకుతాయి. ఆసుపత్రి, క్లినిక్ రెండూ వైద్య సదుపాయాలే అని చెప్పడమూ అంతే.

అయితే ఆంటాలజీని చట్టంలా రుద్దకండి. మ్యాపర్ల వాడుక మారుతూనే ఉంటుంది, దాని వెనకే ఇదీ నడవాలి. ముందు గజిబిజి ఎక్కువున్న దారుల ట్యాగులతో మొదలుపెట్టండి.