మామిడితోటలో డిస్క్ గోల్ఫ్: మేనల్లుడికి ఉత్తరం

మొగల్రాజపురం,
విజయవాడ.

చిరంజీవి మేనల్లుడికి,
మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన తోట పటం చూశాను. పన్నెండెకరాల్లో 18 హోల్స్, అంటే డిస్క్ విసిరే టీ నుంచి గురిగా పెట్టే గొలుసుల బాస్కెట్ దాకా 18 దారులు, ఇరికించావు. అందులో సగం హోల్స్ తీసేయి. చెట్లున్న నేలలో ఒక్కో హోల్‌కు ఎకరం దాకా పోతుందని లెక్క వేసుకో. నీకు 9 చక్కగా పడతాయి, రెండు చుట్లు తిరిగితే 18 అవుతాయి. మిగిలిన జాగా వృథా అని మీ నాన్నగారు అంటారు. అననీ. ఒక దారిలో విసిరిన డిస్క్ చెట్టుకు తగిలి, పక్క దారిలో ఆడుతున్నవాడి చెవి దగ్గరకు రాకుండా ఆపేది ఆ ఖాళీయే. ఈ డిస్క్ పిల్లలు బీచిలో ఎగరేసుకునే ప్లాస్టిక్ పళ్లెం కాదు. 170, 175 గ్రాముల గట్టి బిళ్ల, అంచు సన్నం. 1983లో డేవ్ డునిపేస్ అనే అమెరికన్ డిస్క్ తయారీదారు అంచును ఏటవాలుగా మలిచిన డిస్క్ తెచ్చిన దగ్గర్నుంచి దూరాలూ పెరిగాయి, తగిలితే దెబ్బా పెరిగింది.

కోర్సు కష్టంగా ఉండాలి, అయినా జనం మళ్లీ మళ్లీ రావాలి, రెండూ ఎలా కుదురుతాయి అని అడిగావు. నేను చూసినంతలో రెండూ ఒక్కదాని మీదే ఆధారపడతాయి. చెట్టుకు కొట్టినవాడికి తాను ఎందుకు కొట్టాడో తెలియాలి. దాటించినవాడికి అది తన చేతి పనేనని తెలియాలి. ఈ రెండూ ఉంటే ఎంత కష్టమైన హోల్ అయినా తిట్టుకుంటూనే మళ్లీ వస్తారు. అవి లేనిచోట, ఎంత తేలికైనదైనా రెండోసారి రారు.

అమెరికాలో ఉన్నన్నాళ్లూ నేను ఎక్కువగా ఆడింది మసాచుసెట్స్ అడవుల్లోనే. లెస్టర్ అనే ఊళ్లో మేపుల్ హిల్ కోర్సు ఉంది, క్రిస్మస్ చెట్లు పెంచే తోటలో. పేరున్న ఆటగాళ్లు పోటీలకు వచ్చే చోటు అది. తోట తోటగానే ఉంటుంది, ఆట ఆటగానే ఉంటుంది. తాతగారి తోటలో కోర్సు పెడతానని నువ్వు ఫోనులో చెప్పినప్పుడు నాకు వెంటనే గుర్తొచ్చింది అదే. కాబట్టి మొదటి మాట: రంపం పట్టుకుని తోటలోకి వెళ్లకు.

సందుల సంగతి చెబుతాను, ఇది కాస్త ఓపికగా చదువు. రెండు చెట్ల మధ్య సందును టేపుతో కొలిచి, నాలుగు మీటర్లుంది చాలులే అనుకుంటే పొరపాటు. అది టీ నుంచి ఎంత దూరంలో ఉందన్నదే అసలు లెక్క. 4 మీటర్ల సందు 15 మీటర్ల దూరంలో ఉంటే విసిరే చేతికి దాదాపు 15 డిగ్రీల వెసులుబాటు ఉంటుంది. అదే సందు 60 మీటర్ల దూరంలో ఉంటే 4 డిగ్రీలు కూడా మిగలవు. మొదటిది సాధనతో పట్టుబడుతుంది. రెండోదానిలో చెయ్యి తిరిగినవాళ్లకు కూడా సగం అదృష్టమే. అందుకని ఇరుకు ముందు పెట్టు, విశాలం తర్వాత పెట్టు. డిస్క్ చివర్లో వేగం తగ్గి పక్కకు ఒరుగుతుంది కదా, జాగా కావలసింది దానికి అక్కడే. చాలామంది తిరగేసి చేస్తారు: టీ దగ్గర అంతా ఖాళీ, అరవై డెబ్బై మీటర్ల తర్వాత చెట్ల గుంపు. కంటికి బాగుంటుంది, ఆడితే లాటరీ.

దారికి నడిమధ్య ఒంటిగా నిలబడ్డ చెట్టు ఉంటే మాత్రం అదృష్టం అనుకో. అటు వెడల్పు ఎక్కువ, దూరం ఎక్కువ. ఇటు ఇరుకు, దగ్గరి దారి. ఎటు పోవాలో విసిరేవాడు తేల్చుకోవాలి. వాగు ఒడ్డున మొలిచిన సర్కారు తుమ్మ సంగతి వేరు. దాన్ని నిర్దాక్షిణ్యంగా పీకించు. బొటనవేలంత కాండాలు గుంపుగా ఉన్నచోట ఎంత బాగా విసిరినా ఏదో ఒకదానికి తగులుతుంది. అందులో నేర్పు ఏమీ లేదు.

ఇక మామిడితోటకు అడవికి లేని చిక్కు ఒకటుంది: అంతా వరుసలే. మీ ముత్తాతగారు పాత పద్ధతిలో పది మీటర్ల ఎడంతో నాటించారు, ఎకరానికి నలభై చెట్లు. వరుస వెంట హోల్ గీస్తే తొమ్మిదీ ఒకలాగే ఉంటాయి, తొమ్మిదింటికీ ఒకే విసురు సరిపోతుంది. నీ పటంలో ఆరు అలాంటివే. ఒకసారి ఐమూలగా నిలబడి చూడు. మొదళ్ల వరుసల మధ్య ఎడం పదికి బదులు ఏడు మీటర్లకు తగ్గుతుంది, గుబుర్లు దాదాపు కలిసిపోతాయి, తోట ఉన్నట్టుండి అడవి అవుతుంది. ఐమూలగా మొదలై మధ్యలో వరుసలోకి తిరిగే హోల్ రెండు, వరుసలో మొదలై ఐమూలకు తిరిగేవి రెండు పెట్టుకుంటే ఆ వంపు దానంతటదే వస్తుంది. దానికోసం ఒక్క చెట్టూ కొట్టక్కర్లేదు.

అన్నిటికన్నా విలువైనవి చెట్టు చచ్చిపోయి ఖాళీగా మిగిలిన చోట్లు. డిస్క్ వాలే జాగాలు అవే. ఆ గుంతల్లో మీ నాన్నగారు ఏటా కొత్త అంట్లు నాటిస్తుంటారు. రెండు మూడు మాత్రం వదిలేయమని బతిమాలుకో.

నీ పటంలో మూడో హోల్‌నే తీసుకో, అక్కడ అన్నీ కుదిరాయి, నువ్వే గమనించలేదు. టీని టేకు చెట్ల నీడలోకి జరుపు. ఎదురుగా పన్నెండు మీటర్లలో రెండు పెద్దరసాల చెట్లున్నాయి, కొమ్మలు తలెత్తుకు కాస్త పైన వంగి ఉంటాయి. డిస్క్ ఆ కొమ్మల కింద నుంచి నడుమెత్తున పోవాలి. 45 మీటర్ల దగ్గర, 1990ల తుపానులో పడిపోయిన చెట్టు ఖాళీలోకి వచ్చేసరికి వేగం తగ్గి ఎడమకు ఒరగాలి. ఒరిగితే ఎదురుగా బాస్కెట్ కనబడుతుంది. ఒరగకుండా తిన్నగా పోతే చింతచెట్టు మొదట్లో పడుతుంది. అక్కడి నుంచి బాస్కెట్ కనబడదు, కానీ పక్కకు విసిరి దారిలోకి రావచ్చు. భయపడి మెల్లగా విసిరినవాడు 30 మీటర్లలోనే ఆగిపోతాడు. వాడు మూడు విసుర్లలో ముగించగలడు, రెండింట్లో మాత్రం ముగించలేడు. తప్పు చేసినవాడికి శిక్ష ఉంది, తిరిగి కోలుకునే దారీ ఉంది. అంతకన్నా ఏం కావాలి?

ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నువ్వు గీసిన వంపులన్నీ ఎడమకే ఎందుకున్నాయి? నువ్వు కుడిచేతి బ్యాక్‌హ్యాండ్ (చేతిని ఒంటికి అడ్డంగా తెచ్చి విసిరే తీరు) ఆటగాడివి కాబట్టి. ఆ విసురులో డిస్క్ చివరికి ఎడమకే వాలుతుంది. నీ కోర్సులో నువ్వే గెలుస్తావు, బాగానే ఉంది. ఎడమచేతివాళ్లూ, ఫోర్‌హ్యాండ్ (విసిరే చేతి పక్క నుంచే ముందుకు విసిరే తీరు) వేసేవాళ్లూ ఏం పాపం చేశారు? కుడి వంపులు నాలుగైనా పెట్టు. వాటిలో కుడిచేతివాడు ఫోర్‌హ్యాండ్ అన్నా నేర్చుకోవాలి, డిస్క్‌ను అవతలి పక్కకు వాల్చి వదలడమన్నా నేర్చుకోవాలి. ఎత్తు సంగతీ అంతే. మామిడి కింద అంతా పల్లంగా విసరడమే. అదే తొమ్మిది సార్లంటే విసుగొస్తుంది. టేకు పట్టీలో మొదళ్లు నిటారుగా, కింద కొమ్మలు లేకుండా ఉంటాయి, అక్కడ ఆట తీరే వేరు. వాగు దగ్గర ఆకాశం కనబడుతుంది, ఒక్క హోల్ అక్కడ ఎత్తుగా విసిరేందుకు ఉంచు. మొదటి హోల్ మాత్రం తేలికగా ఉండాలి. ఇరుకైనది మొదట పెడితే వెనక వచ్చినవాళ్లంతా అక్కడే క్యూ కడతారు.

బాస్కెట్లు ఇప్పుడే కొనకు. ఈ ఆటకు ఆద్యుడైన ఎడ్ హెడ్రిక్ 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి శాశ్వత కోర్సు పెట్టినప్పుడు గురిగా ఉన్నవి మామూలు స్తంభాలే. గొలుసుల బాస్కెట్‌కు పేటెంట్ వచ్చింది 1977లో. నువ్వూ అదే వరుసలో పో. సర్వీ కర్రలు పాతు, నచ్చకపోతే పీకి జరుపు. నిన్నూ, నీకన్నా బాగా ఆడే ఒకరినీ, ఎప్పుడూ డిస్క్ పట్టని ఇద్దరినీ నిలబెట్టి ఒక్కో హోల్‌లో తలా పది విసిరించు. పడిన ప్రతి చోటా చిటికెడు ముగ్గు వేయి. బాగా విసిరినవి ఒక రంగు, తప్పినవి ఇంకో రంగు. సంక్రాంతి రంగులు మీ అమ్మ దగ్గర ఎప్పుడూ ఉంటాయి. చివర్లో దూరంగా నిలబడి చూడు. రెండు రంగులూ వేర్వేరు చోట్ల కుప్పపడితే హోల్ బాగున్నట్టు. రెండూ కలగాపులగంగా ఉంటే, అక్కడ చేతికీ ఫలితానికీ సంబంధం లేదన్నమాట. టీని రెండడుగులు పక్కకు జరిపితే చాలావరకు సరిపోతుంది. జరిపినా కుదరకపోతే ఆ హోల్‌ను వదిలేయి, మమకారం పెట్టుకోకు.

బాస్కెట్ పెట్టే చోటికి ఒక కొలత చెబుతాను. నిబంధనల ప్రకారం బాస్కెట్ చుట్టూ 10 మీటర్ల వరకు పట్టింగ్ వలయం, అంటే బాస్కెట్‌లోకి చివరి విసురు వేసే జాగా. మన తోటలో నాలుగు చెట్ల మధ్య నట్టనడుమ బాస్కెట్ పెడితే ప్రతి మొదలూ దానికి ఏడు మీటర్ల దూరంలో ఉంటుంది. అంటే నాలుగూ వలయంలోనే ఉంటాయి, అయినా నాలుగు వైపులా నేరుగా విసిరే దారి ఉంటుంది. సరిగ్గా సరిపోయింది కదూ. మొదలుకు ఆనించి మాత్రం పెట్టకు. ఒకటి రెండు చోట్ల దాచినా ఫరవాలేదు, ప్రతి బాస్కెట్‌నూ దాచేస్తే మాత్రం ఆడేవాళ్లకు చిరాకు.

టీకి మాచర్ల నాపరాళ్లు చవకగా వస్తాయని రాశావు. వద్దు. నాలుగు చినుకులు పడితే జారతాయి, పరుగెత్తి విసిరే ఆట ఇది. సిమెంటు పోసి, ఆరకముందే చీపురుతో గీతలు గీయించు. పది, పన్నెండు అడుగుల పొడవు, ఐదారు అడుగుల వెడల్పు. ప్రతి బాస్కెట్‌కు దగ్గరగా రెండో టీ ఒకటి పెట్టు, పిల్లలకూ కొత్తవాళ్లకూ. యాభై మీటర్లు కూడా విసరలేనివాళ్లను తొంభై మీటర్ల హోల్ ముందు నిలబెట్టి ఆనందించమంటే ఎలా?

తోట సంగతి నాకు ఆట కన్నా ముఖ్యం. డిసెంబరు, జనవరిలో పూత వస్తుంది. ఆ తర్వాత తేనెమంచు పురుగుకు మందు కొడతారు. మందు కొట్టిన తోటలో జనాన్ని తిప్పకూడదు. డిస్క్ తగిలితే పూత రాలుతుంది, పిందె రాలుతుంది. తోట గుత్తకు తీసుకున్నాయన ఊరుకోడు, ఊరుకోనక్కర్లేదు కూడా. పూత మొదలు కాయ కోత అయ్యేదాకా మామిడి హోల్స్ మూసెయ్యాలి. అందుకే టేకు పట్టీ, వాగు ఒడ్డు కలిపి నాలుగు హోల్స్ విడిగా ఒక చుట్టు తిరిగేలా గీయి. ఆ నాలుగూ ఏడాదంతా నడుస్తాయి. రోహిణి కార్తెలో ఎలాగూ తెల్లవారుజామున తప్ప ఎవరూ రారు.

మామిడి బెరడుకు గాయమైతే జిగురు కారుతుంది, తెగులు పట్టుకుంటుంది. టీకి దగ్గరగా దెబ్బలు తినే చెట్లకు మనిషెత్తు దాకా కొబ్బరి పీచు తాడు చుట్టించు. కింది కొమ్మలు మరీ పైకి ఎత్తించకు. మొదళ్లకు నేరుగా ఎండ తగిలితే బెరడు పగులుతుంది. కోత అయ్యాక ఎండుకొమ్మలు, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు ఎలాగూ తీయిస్తారు. నీ దారులకు అడ్డమైనవాటిని ఆ లెక్కలోనే కలుపు, కోసిన చోట బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయించు.

దారికి రెండు పక్కలా పొదలు శుభ్రం చేయించడం నిర్లక్ష్యం చేయకు. పడిన డిస్క్ కోసం పావుగంట వెతుక్కోవడం ఆట కాదు, శిక్ష. పైగా ఎండుటాకుల్లో రక్తపింజర పడుకుంటే కనబడదు. పొదలోకి చెయ్యి పెట్టే ముందు కర్రతో కదపాలని బోర్డు మీద పెద్దక్షరాలతో రాయించు, ప్రతి టీ దగ్గరా ఒక కర్ర ఉంచు. పసుపు, నారింజ డిస్కులు మామిడాకుల్లో పడితే దొరకవు. గులాబీ రంగువీ నీలం రంగువీ తెప్పించు.

కొమ్మలు తీసే మనుషులు జూన్ చివర్లో వస్తారనుకుంటాను. రెండు రోజుల ముందు ఫోను చేయి. నున్న మార్కెట్ దాకా బస్సులో వస్తాను, అక్కడికి బండి తీసుకురా. ముగ్గు పొడి, రంగులు, సర్వీ కర్రలు సిద్ధంగా ఉంచు. రంపం మాత్రం మీ నాన్నగారి చేతిలోనే ఉండనీ.

ఇట్లు,
మీ మామయ్య