వాళ్ళ వేట తప్పే కావచ్చు, మీ కేసు మాత్రం దాని మీద నడవదు

ప్రశ్న: మాది విశాఖపట్నం. వయసు 27. మర్చంట్ నేవీలో థర్డ్ ఆఫీసర్‌ని. కాంట్రాక్టు ముగిశాక ఆస్ట్రేలియాలో అక్కావాళ్ళ ఇంటికి వెళ్ళినప్పుడు, తిమింగలాల వేటను సముద్రంలోనే అడ్డుకునే ఒక సంస్థ వాలంటీర్లు పరిచయమయ్యారు. వచ్చే సీజన్లో జపాన్ వేట నౌక వెంటపడటానికి వెళ్ళే షిప్పులో చిన్న రబ్బరు బోటు నడపడానికి రమ్మన్నారు. జీతం ఉండదు. హార్పూన్ దిగిన తిమింగలం గిలగిల్లాడే వీడియో చూశాక నాకు నిద్ర పట్టడం లేదు. వేట మీద నిషేధం ఉంది, 2014లో అంతర్జాతీయ న్యాయస్థానం కూడా జపాన్‌ను తప్పుపట్టింది. మరి చట్టాన్ని మీరుతున్నది వాళ్ళే కదా? నేను బోటు నడుపుతానే తప్ప ఏమీ విసరను. ఇలాంటి పోరాటానికి ఆద్యుడు, సీ షెపర్డ్ సంస్థ వ్యవస్థాపకుడు పాల్ వాట్సన్‌నే డెన్మార్క్ వదిలేసింది. అయినా నాన్నగారు టెన్షన్ పడుతున్నారు. సంస్థ పంపిన ఫారం మీద సంతకం చేసి పంపేశాను, కాపీ ఉంచుకోలేదు. స్నేహితుల గ్రూపులో 'ఈసారి వాళ్ళ ప్రొపెల్లర్ ఆపేసి వస్తా' అని వాయిస్ మెసేజ్ పెట్టాను. అది డిలీట్ చేసి, సీడీసీ (నావికుల గుర్తింపు పుస్తకం) చూపకుండా టూరిస్టుగా షిప్పు ఎక్కితే ఏ గొడవా ఉండదని ఫ్రెండ్ అంటున్నాడు. నిజమేనా?

జవాబు: మీ ఉత్తరంలో సగం తిమింగలాల గురించే ఉంది. మీ కేసును తేల్చేది ఆ సగం కాదు. తేల్చే ప్రశ్న ఒక్కటే: మీరున్న బోటు వల్ల ఎదుటి షిప్పు ప్రయాణానికి గానీ, దాని మీదున్న మనుషులకు గానీ ప్రమాదం ఏర్పడిందా? ఆ షిప్పు ఏ పని మీద వచ్చిందన్నది ఆ తర్వాతి సంగతి. చాలాసార్లు కోర్టు అంతదూరం వెళ్ళదు కూడా.

గోదావరిలో రాత్రిపూట దొంగచాటుగా ఇసుక ఎత్తుకెళ్ళే లారీ మీ కంట పడిందనుకోండి. ఫొటో తీయొచ్చు, తహసీల్దారుకు ఫిర్యాదు చేయొచ్చు, గ్రీన్ ట్రిబ్యునల్‌కు వెళ్ళొచ్చు. టైర్లు కోస్తే మాత్రం మీమీద వేరే కేసు పడుతుంది. లారీకి పర్మిట్ లేదన్న వాదన ఆ కేసులో మిమ్మల్ని కాపాడదు.

పోనీ, మీరు ధైర్యంగా చూపిస్తున్న ఆధారాలైనా గట్టివా? 1982లో అంతర్జాతీయ తిమింగలాల కమిషన్ వాణిజ్య వేట ఆపాలని తీర్మానించింది. 1985-86 సీజన్ నుంచి అది అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత జపాన్ 1946 నాటి ఒప్పందంలోని 8వ అధికరణాన్ని పట్టుకుని, శాస్త్ర పరిశోధన పేరుతో అంటార్కిటికా సముద్రంలో వేట సాగించింది. 2014 మార్చి 31న అంతర్జాతీయ న్యాయస్థానం 12-4 మెజారిటీతో ఆ కార్యక్రమాన్ని తప్పుపట్టింది. మన దేశానికి చెందిన జస్టిస్ దల్వీర్ భండారీ కూడా మెజారిటీలోనే ఉన్నారు. సుమారు 3,600 మింకీ తిమింగలాలను చంపి సాధించిన శాస్త్ర ఫలితం చాలా తక్కువని కోర్టు గమనించింది. గొప్ప తీర్పే. కానీ అది ఆ ఒక్క కార్యక్రమం మీద, రెండు దేశాల మధ్య వచ్చిన తీర్పు. 2019 జూన్ 30న జపాన్ ఆ కమిషన్ నుంచే బయటికొచ్చింది. మర్నాటి నుంచి తన సొంత ఆర్థిక మండలి జలాల్లో, తన చట్టం ప్రకారం, బాహాటంగా వాణిజ్య వేట చేస్తోంది. సభ్యదేశం కానివాళ్ళ మీద కమిషన్ నిషేధం నిలబడదు. ఈ పరిస్థితి నాకూ బాధగానే ఉంది. అయితే మీరు జేబులో పెట్టుకున్న తీర్పు మీరు వెళ్ళబోయే చోట చెల్లదన్న సంగతి ముందు తెలుసుకోండి.

సంస్థవాళ్ళు మీకు 1982 నాటి ఐక్యరాజ్యసమితి ప్రకృతి చార్టర్ కూడా చూపించే ఉంటారు. ప్రకృతిని కాపాడే బాధ్యత వ్యక్తుల మీదా ఉందని అందులో రాసి ఉన్న మాట నిజం. కానీ అది సర్వసభ్య సభ చేసిన తీర్మానం, దేశాలను కట్టిపడేసే ఒప్పందం కాదు. ఇంకొకరి షిప్పును ఆపే పోలీసు అధికారం అది ఎవరికీ ఇవ్వలేదు. నడిసముద్రంలో ఒక షిప్పు మీద అధికారం ఆ షిప్పు ఏ దేశపు జెండా ఎగరేస్తుందో ఆ దేశానిదే.

అమెరికాలో ఏం జరిగిందో చూడండి. జపాన్‌కు చెందిన తిమింగలాల పరిశోధన సంస్థ, వేటను సముద్రంలో అడ్డుకునే సీ షెపర్డ్ మీద వేసిన కేసులో అక్కడి అప్పీలు కోర్టైన తొమ్మిదో సర్క్యూట్ కోర్టు 2013 ఫిబ్రవరిలో తీర్పు ఇచ్చింది. షిప్పుల్ని ఢీకొట్టడం, యాసిడ్ గాజు సీసాలు విసరడం, ప్రొపెల్లర్‌కు చుట్టుకునేలా నీళ్ళలో ఇనుప తీగలున్న తాళ్ళు లాగడం - ఇవన్నీ చేసేవాళ్ళు ఎంత ఉన్నతాశయంతో చేసినా సముద్రపు దొంగలేనని చీఫ్ జడ్జి కొజిన్‌స్కీ రాశారు. పైరసీ అంటే స్వప్రయోజనం కోసం చేసే హింస అని ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టాల ఒప్పందం 101వ అధికరణం చెబుతుంది. సొంత నమ్మకం కోసం చేసింది కూడా స్వప్రయోజనమేనని ఆ కోర్టు తేల్చింది. అంతకుముందే, 2012 డిసెంబరులో, వేట నౌకలకు 500 గజాల దూరంలో ఉండాలని ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు) ఇచ్చింది. దాన్ని ధిక్కరించినందుకు సీ షెపర్డ్ చివరికి 25.5 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. ఈ తీర్పుతో ఏకీభవించని న్యాయపండితులు ఉన్నారు. డబ్బు కోసం మనుషుల్ని బందీలుగా పట్టుకునేవాణ్ణీ వీళ్ళనూ ఒకే గాటన కట్టడం నాకూ సబబుగా అనిపించదు. ఆ వాదన బయట కూర్చుని చేయడం వేరు, ముద్దాయిగా నిలబడి చేయడం వేరు. మన పార్లమెంటు 2022లో తెచ్చిన సముద్ర పైరసీ నిరోధక చట్టంలో కూడా ఆ స్వప్రయోజనం అన్న షరతే ఉంది. దాని కింద శిక్ష యావజ్జీవం దాకా వెళ్తుంది, ఎవరి ప్రాణమైనా పోతే మరణశిక్ష దాకా కూడా. నౌకాయాన భద్రతకు భంగం కలిగించే చర్యల మీద 2002 నాటి చట్టం ఇంకొకటుంది. దానికి స్వప్రయోజనం ఉందా లేదా అన్న ప్రశ్నే అక్కర్లేదు.

'నేను బోటు నడుపుతానే తప్ప విసరను' అన్నారు. ఇది మీ ఉత్తరంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన వాక్యం. సీసా విసిరేవాణ్ణి విసరగలిగే దూరానికి చేర్చేదెవరు? ఉమ్మడి ఉద్దేశంతో చేసిన పనిలో ప్రతి ఒక్కరూ తానొక్కడే చేసినట్టు బాధ్యులవుతారని భారతీయ న్యాయ సంహిత 3(5) చెబుతుంది. భారత పౌరుడు దేశం బయట చేసిన నేరానికి కూడా ఆ సంహిత వర్తిస్తుందని 1(5)లో ఉంది. విచారణకు కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలన్నది నిజమే. దాన్ని నమ్ముకుని షిప్పు ఎక్కకండి. 'పెద్ద హాని తప్పించడానికి చిన్న హాని చేశాను' అనే మినహాయింపు 19వ సెక్షన్‌లో ఉంది గానీ, అది మనుషులకో ఆస్తికో జరిగే హాని గురించి. సముద్రంలో తిరిగే తిమింగలం చట్టం దృష్టిలో మనిషీ కాదు, మీ ఆస్తీ కాదు.

మీకు ఇంకో చిక్కుంది, మామూలు వాలంటీర్‌కు లేనిది. నడిసముద్రంలో షిప్పులు ఢీకొంటే కేసు పెట్టే అధికారం జెండా దేశానికో, నిందితుడి సొంత దేశానికో ఉంటుందని అదే సముద్ర చట్టాల ఒప్పందం 97వ అధికరణం చెబుతుంది. సర్టిఫికెట్ రద్దు చేసే అధికారం మాత్రం దాన్ని ఇచ్చిన దేశానిదే. అంటే మీ సీఓసీ (ఆఫీసర్‌గా పనిచేయడానికి ఇచ్చే అర్హత సర్టిఫికెట్) భవిష్యత్తు, దాన్ని ఇచ్చిన మన కేంద్ర నౌకాయాన సంస్థ డీజీ షిప్పింగ్ చేతిలో ఉంటుంది. క్రాసింగ్‌లో ఎవరు దారివ్వాలో, ఎంత దూరం ఉంచాలో తెలియదని ఒక విద్యార్థి అనొచ్చు. కొలిజన్ రూల్స్ పరీక్ష పాసైన థర్డ్ ఆఫీసర్ అనలేడు.

ఇక వాట్సన్ విడుదల. 2010 నాటి ఒక ఘటన మీద జపాన్ ఇచ్చిన వారంటుతో 2024 జులై 21న, డెన్మార్క్ కింద ఉన్న గ్రీన్‌లాండ్‌లోని నూక్‌లో అరెస్టయ్యారు, డిసెంబరు 17న విడుదలయ్యారు. మొత్తం 149 రోజులు. డెన్మార్క్ ఆయన్ని నిర్దోషి అనలేదు. ఘటన జరిగి 14 ఏళ్ళు దాటిందని, జైల్లో గడిపిన రోజుల్ని జపాన్ శిక్షలోంచి మినహాయిస్తుందన్న హామీ దొరకలేదని, అప్పగించడానికి నిరాకరించింది. అంతే. 2025లో ఇంటర్‌పోల్ రెడ్ నోటీసు తీసేసింది గానీ, జపాన్ వారంటు దాంతో పోదు. ఆయన తరఫున ఫ్రాన్స్ అధ్యక్షుడే మాట్లాడారు. మీ తరఫున మాట్లాడేది మీ నాన్నగారు, నాలాంటి వకీలు.

కొన్నేళ్ళు గడిస్తే కేసు కాలం చెల్లుతుందనీ అనుకోకండి. జపాన్ క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 255 ప్రకారం నిందితుడు ఆ దేశం బయట ఉన్నంతకాలం లిమిటేషన్ గడియారం ఆగిపోతుంది. మన క్రిమినల్ విచారణ చట్టమైన నాగరిక సురక్షా సంహిత 514లో మూడేళ్ళ వరకు శిక్ష పడే నేరాలకే కాలపరిమితి ఉంది, అంతకు మించిన నేరాలకు లేదు. ఆ పరిమితిలోంచి కూడా నిందితుడు దేశంలో లేని కాలాన్ని 516 తీసేస్తుంది. మీ ఉద్యోగమే నెలల తరబడి దేశం బయట. పైగా రేపు మీరు పనిచేసే టాంకరో, బల్క్ క్యారియరో యోకోహామాకు వెళ్తే, షిప్పు కంటే ముందే క్రూ లిస్టు అక్కడి ఇమిగ్రేషన్‌కు చేరుతుంది. పేరు, పాస్‌పోర్టు నంబరుతో సహా. జపాన్ రేవు ఎప్పటికీ తగలని కెరీర్ మీకుంటుందా?

ఇప్పుడు మీ అజాగ్రత్త గురించి. సంతకం పెట్టిన కాగితానికి కాపీ లేదంటే మీరు ఏం వదులుకున్నారో మీకు తెలియదు. గాయపడితే పరిహారం అడగనన్నారా? జరిమానా పడితే మీరే కడతానన్నారా? కార్గో కాగితం మీద ఇలా కళ్ళుమూసుకుని సంతకం పెడితే మీ కెప్టెన్ ఊరుకుంటాడా? చదువుకున్నవాడు చేయాల్సిన పనా ఇది? ఆ వాయిస్ మెసేజ్ ఇంకా ఘోరం. ఇలాంటి కేసుల్లో ప్రాసిక్యూషన్‌కు కష్టమైంది ఉద్దేశాన్ని రుజువు చేయడం. ఆ కష్టం లేకుండా మీ గొంతుతోనే చెప్పేశారు.

డిలీట్ చేయకండి. గ్రూపులో ఎన్ని ఫోన్లున్నాయో అన్ని కాపీలు ఉంటాయి, మీ ఫోన్లో లేకపోవడం ఒక్కటే అనుమానంగా మిగులుతుంది. కోర్టు ముందుకు రాకూడదని ఎలక్ట్రానిక్ రికార్డును చెరిపేయడం భారతీయ న్యాయ సంహిత 241 కింద విడిగా నేరం. ఇంతవరకు మీరు ఏ నేరమూ చేయలేదు. మాట ఒక్కటే అన్నారు. అది అలాగే ఉండనిచ్చి, దాని కిందే 'ఆవేశంలో అన్నాను, అలాంటి పని చేయను' అని ఇవాళే రాయండి. మనస్ఫూర్తిగా అనుకుంటేనే రాయండి.

టూరిస్టుగా ఎక్కే ఆలోచన అయితే పూర్తిగా మానేయండి. ఏ హోదాలో వెళ్ళారన్నది కాదు, అక్కడ ఏం చేశారన్నదే లెక్కకొస్తుంది. న్యూజీలాండ్ వాసి పీట్ బెథూన్ సంగతి వినండి. 2010 జనవరి 6న ఆయన బోటు ఆడీ గిల్, జపాన్ నౌక షోనన్ మారు-2 ఢీకొన్నాయి. బోటు పోయింది. ఎవరి వీడియో వాళ్ళకు అనుకూలంగా కనిపించింది. చివరికి న్యూజీలాండ్ మారిటైమ్ సంస్థ ఇద్దరి తప్పూ ఉందని తేల్చింది. ఆలోగానే ఫిబ్రవరి 15న ఆయన చీకట్లో జెట్ స్కీ మీద వెళ్ళి, ఎవరూ ఎక్కకుండా కట్టిన వల కోసి ఆ నౌక ఎక్కారు. కెప్టెన్‌ను పౌరుడిగా అరెస్టు చేస్తున్నానని, పోయిన బోటుకు 30 లక్షల డాలర్లు ఇవ్వాలని అడిగారు. వాళ్ళు ఆయన్నే టోక్యో తీసుకెళ్ళారు. అక్రమ ప్రవేశం, దాడి, వ్యాపారానికి ఆటంకం లాంటి అభియోగాల మీద జులైలో రెండేళ్ళ శిక్ష వేసి, దాన్ని ఐదేళ్ళు సస్పెండ్ చేసి దేశం నుంచి పంపేశారు. అడిగిన డబ్బు ఊసే లేదు. ఆయన కేసులోనే వాట్సన్ మీద వారంటు పుట్టింది.

ఈ పోరాటం వల్ల ఒక్క ప్రాణమూ దక్కలేదని నేను అనను. 2010-11 సీజన్‌ను జపాన్ మధ్యలోనే ఆపేసుకుంది, 172 తిమింగలాలతో వెనుదిరిగింది. అది చిన్న విషయం కాదు. కానీ 2007 ఫిబ్రవరిలో సీ షెపర్డ్ రబ్బరు బోటు ఒకటి పొగమంచులో ఇద్దరు మనుషులతో గంటల తరబడి తప్పిపోయినప్పుడు, వెతకడానికి వచ్చినవాళ్ళలో వేట నౌక నిషిన్ మారు కూడా ఉంది. ఆ నీళ్ళలో పడ్డ మనిషిని తీయగలిగేది పక్కనున్న షిప్పే. దాని చుక్కాని విరగ్గొట్టే పనికి నైతిక బలం ఎక్కడిదో నాకు అర్థం కాదు. డెక్ మీద పనిచేసేవాడు కూడా మీలాగే నెల జీతానికి వచ్చినవాడే.

మీకు నిజంగా వెళ్ళాలని ఉంటే దారి ఉంది. ముందు సంస్థకు మెయిల్ పెట్టి, సంతకం చేసిన ఫారం కాపీ తెప్పించుకోండి. షిప్పు ఏ జెండా కింద ఉంది, పీ అండ్ ఐ బీమా (సిబ్బంది గాయాలు, ఇతరులకు జరిగే నష్టాల మీద షిప్పుకు ఉండే బీమా) ఎవరిది, క్రూ లిస్టులో మీ హోదా ఏమిటి, ఎదుటి నౌకకు ఎంత దూరం ఉంచాలని కెప్టెన్ రాతపూర్వక ఆదేశం ఉంది - ఇవి రాతలో అడగండి. ఫోన్లో చెప్పిన జవాబు జవాబు కాదు. దూరం మాట రాయడానికి వెనకాడితే ఆ షిప్పు మీకొద్దు. జీతం లేని వాలంటీర్‌కు, మామూలుగా లైసెన్సున్న ఏజెన్సీ ద్వారా వెళ్ళినప్పుడు దొరికే రక్షణ దొరకదు. అందుకే బీమా కాగితం కళ్ళతో చూడాలి.

రబ్బరు బోటు వద్దనండి, బ్రిడ్జి మీద వాచ్ (షిప్పు నడిపే గదిలో కాపలా డ్యూటీ) అడగండి. మీకు రాడార్ చదవడం వచ్చు, చుట్టుపక్కల షిప్పుల స్థానం చూపే ఏఐఎస్ చూడటం వచ్చు, లాగ్ రాయడం వచ్చు. కోర్టులకు కావలసింది అదే. ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు 2008లో జపాన్ వేట నౌకలు నడిపే క్యోడో సెన్‌పాకు కంపెనీకి వ్యతిరేకంగా ఇంజంక్షన్ ఇచ్చి, ధిక్కరించినందుకు 2015లో 10 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. అక్కడ ఎవరూ సీసా విసరలేదు. ఏ రోజు, ఏ అక్షాంశ రేఖాంశాల దగ్గర, ఏ షిప్పు ఏం చేసిందన్న రుజువే పనికొచ్చింది. కాబట్టి తీసిన ప్రతి వీడియోనూ ఎడిట్ చేయకుండా అసలు మెమరీ కార్డుతో సహా దాచండి. మన దగ్గర దాఖలు చేయాలంటే సాక్ష్య అధినియం 63 కింద హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే అంకెల గుర్తుతో) సర్టిఫికెట్ కావాలి. ఏదైనా ఘటన జరిగితే వీడీఆర్ (విమానాల్లో బ్లాక్ బాక్సు లాంటి రికార్డర్) ఉన్న షిప్పులో వెంటనే డేటా సేవ్ చేయించండి. పాత రకం వాటిలో 12 గంటలు దాటితే పాతదాని మీద కొత్తది పడిపోతుంది.

ఫారం కాపీ, సంస్థ ఇచ్చిన జవాబులు అందగానే, మీ గత కాంట్రాక్టు ప్రతితో కలిపి సముద్ర వ్యవహారాలు చూసే న్యాయవాదికి చూపించండి. ఆ కాగితాలు వచ్చేలోగా వీసాకు దరఖాస్తు చేయకండి, కొత్తగా దేనిమీదా సంతకం పెట్టకండి.