నేరస్థుడు దొరకకపోయినా బాధితులకు ప్రభుత్వ పరిహారం వస్తుందా?

వస్తుంది. కోర్టు తీర్పు వచ్చేదాకా ఆగాలన్నది చాలామందిలో ఉన్న అపోహ. నేర కేసుల విచారణ పద్ధతిని నిర్దేశించే చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 396వ సెక్షన్ (పాత సీఆర్‌పీసీలో 357ఎ) ప్రకారం ప్రతి రాష్ట్రమూ బాధితుల పరిహారానికి నిధులతో సహా ఒక పథకం పెట్టాలి. నిందితుడు ఎవరో తేలక కేసు విచారణే మొదలుకాకపోయినా, బాధితులు లేదా వారిపై ఆధారపడినవారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు నేరుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ సంస్థ రెండు నెలల్లో విచారణ ముగించి సొమ్ము నిర్ణయించాలి.

యాసిడ్ దాడుల విషయంలో నిబంధన ఇంకా కచ్చితం. కనీసం 3 లక్షలు ఇవ్వాలనీ, అందులో లక్ష రూపాయలు 15 రోజుల్లోనే చికిత్స ఖర్చులకు అందాలనీ సుప్రీంకోర్టు 2013లో ఆదేశించింది. ప్రైవేటు ఆసుపత్రి కూడా ఈ దాడుల బాధితులకు ప్రథమ చికిత్స ఉచితంగా చేయాల్సిందే.

ఈ సొమ్ము ప్రధానంగా రాష్ట్ర బడ్జెట్ నుంచే రావాలి. మహిళల భద్రత కోసం 2013లో ఏర్పాటైన నిర్భయ నిధి నుంచి కేంద్రం రాష్ట్రాలకు ఒకసారి 200 కోట్లు ఇచ్చింది గానీ, అది తోడ్పాటు మాత్రమే. కాబట్టి కాగితం మీది హక్కు చేతికందడం రాష్ట్రం ఏటా చేసే కేటాయింపుపైనే ఆధారపడుతుంది. దరఖాస్తుకు ఎఫ్‌ఐఆర్ నకలు, వైద్య పత్రాలు జతచేయండి. న్యాయ సలహా కోసం 15100కు ఫోన్ చేయవచ్చు.