మైక్రోఆర్ఎన్ఏ తీసేస్తే పువ్వు రంగు ముదరాలి కదా? ఏ మైక్రోఆర్ఎన్ఏ అన్నదాన్ని బట్టి ఉంటుంది

మీ సందేహం నాకు అర్థమైంది. మైక్రోఆర్ఎన్ఏ అనే చిన్న ఆర్ఎన్ఏ ముక్క పని జన్యువును అణచడమే అయినప్పుడు, అది పెరిగితే ఆంథోసయనిన్ (మొక్కకు ఎరుపు, ఊదా రంగునిచ్చే పదార్థం) తగ్గాలి, తగ్గితే పెరగాలి, మరి కొన్ని పేపర్లలో తలకిందులుగా ఎందుకు ఉంది అన్నది. కొన్నేళ్లు ల్యాబ్‌లో అరబిడాప్సిస్ (ప్రయోగాలకు ఎక్కువగా వాడే చిన్న మొక్క) మొక్కలతో ఇదే పని చేశాను కాబట్టి చెబుతున్నా: రంగు తయారుచేసే ఎంజైముల జోలికి ఇవి పెద్దగా పోవు. ఆ ఎంజైముల జన్యువులను ఆన్, ఆఫ్ చేసే ప్రోటీన్ల మెసెంజర్ ఆర్ఎన్ఏను (జన్యువు నుంచి ప్రోటీన్ తయారీకి సందేశం మోసే నకలును) కోస్తాయి. ఆ ప్రోటీన్ రంగును పెంచేదా, అడ్డుకునేదా అన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతుంది.

మిర్156 అనే మైక్రోఆర్ఎన్ఏ తీసుకోండి. అది కోసేది ఎస్‌పీఎల్ జన్యువులను. వాటిలో ఎస్‌పీఎల్9 ప్రోటీన్ రంగుకి శత్రువు. ఆంథోసయనిన్ తయారీని నడిపే పాప్1, టీటీ8 ప్రోటీన్ల జంటను కుదురుకోనివ్వదు. అంటే శత్రువును అణచేది మిర్156, కాబట్టి అది ఎక్కువ ఉంటే రంగు పెరుగుతుంది. మొక్క ముదిరేకొద్దీ మిర్156 తగ్గుతుంది, ఎస్‌పీఎల్ పెరుగుతుంది. అరబిడాప్సిస్ కాడ అడుగున ఊదాగా, పైకి వెళ్లేకొద్దీ పచ్చగా ఉండటానికి ఇదొక కారణమని 2011లో చూపించారు. పనిలో పనిగా, ఇక్కడ ఆంథోసయనిన్ పెరిగిన చోట దాని బంధువైన ఫ్లేవనాల్ తగ్గుతుంది, ఎందుకంటే రెండూ ఒకే ముడిసరుకు కోసం పోటీపడతాయి. ఒక్క రంగే కొలిచి "ఫ్లేవనాయిడ్లు (ఈ రెండూ చేరిన కుటుంబం) పెరిగాయి" అని రాసేవాళ్లని చూస్తే నాకు చిరాకు.

మిర్858 కథ మీరు అనుకున్నట్టే ఉంటుంది. అది ఎంవైబీ11, ఎంవైబీ12, ఎంవైబీ111లను, అంటే ఫ్లేవనాల్ తయారీని నడిపేవాటిని కోస్తుంది. టమాటాలో దీన్ని అడ్డుకుంటే ఆంథోసయనిన్ పెరిగింది కూడా.

అసలు చిక్కు మిర్828తో. ఇది పాప్1, పాప్2ల కుటుంబంలోని ఎంవైబీ113ను కోస్తుంది, పైగా టాస్4 అనే ఇంకో ఆర్ఎన్ఏను కోసి దాని నుంచి చిన్న ముక్కలు పుట్టిస్తుంది, వాటిలో ఒకటి పాప్1, పాప్2, ఎంవైబీ113 మూడింటి మీదా పడుతుంది. ఇంతటితో అయిపోలేదు, పాప్1 పెరిగితే అది మిర్828, టాస్4లను కూడా పెంచుతుంది, అంటే తనకు తానే బ్రేక్ వేసుకుంటుంది. మా ల్యాబ్‌లో చక్కెర ఎక్కువున్న మీడియంలో మొలకలు ఊదాగా మారినప్పుడు కొత్తగా చేరినవాళ్లు క్యూపీసీఆర్ (ఏ ఆర్ఎన్ఏ ఎంత ఉందో కొలిచే పద్ధతి) గ్రాఫ్ చూసి ప్రతిసారీ టెన్షన్ పడేవాళ్లు, పాప్1, మిర్828 రెండూ కలిసే పెరిగాయి, అణచడం ఎక్కడుంది అని. అణచడం ఉంది, కానీ లక్ష్యమే అణచేదాన్ని పిలుస్తోంది కాబట్టి రెండూ కలిసి పెరుగుతాయి. అందుకే "ఒకటి పెరిగింది, ఇంకొకటి తగ్గింది" అన్న గ్రాఫ్ ఒక్కటే చూపిస్తే నేను నమ్మను, అది లేదని లక్ష్యాన్ని కొట్టిపారేయనూ లేను.

పువ్వులోనే చూడాలంటే ఆసియాటిక్ హైబ్రిడ్ లిల్లీ మంచి ఉదాహరణ. కొన్ని రకాల్లో రేకు కొన రంగుగా, మొదలు తెల్లగా ఉంటుంది. ఆ తెల్లటి మొదలులో మిర్828 ఎక్కువగా చేరి ఎంవైబీ12 ఆర్ఎన్ఏను కోస్తున్నట్టు తేలింది (పేరు ఒకటే అయినా, లిల్లీలో ఇది ఆంథోసయనిన్‌ను నడిపేది).

చాలామంది పెటూనియాను కూడా ఈ లెక్కలోనే వేసేస్తారు, అది వేరు. 1990లో ఊదా రంగు పెంచుదామని అదనంగా చాల్కోన్ సింథేస్ (రంగు తయారీలో ఒక ఎంజైము) జన్యువు పెడితే పూలు తెల్లబడ్డాయి కదా, అక్కడ పనిచేసింది ఎస్ఐఆర్ఎన్ఏ, అంటే ఇంకో రకం చిన్న ఆర్ఎన్ఏ. తెల్ల నక్షత్రం గీతలున్న పెటూనియాల్లో కూడా అంతే, ఎంజైము ఆర్ఎన్ఏ మీదే నేరుగా దాడి. స్నాప్‌డ్రాగన్‌లో పసుపు రంగును పువ్వులో ఒక్కచోటికే పరిమితం చేసే చిన్న ఆర్ఎన్ఏలూ మీరు అడిగిన తరహావి కావు.

మీరు ప్రయోగం మొదలుపెడుతుంటే, విచ్చిన పువ్వు మొత్తాన్ని నూరేయకండి. రంగు ఎక్కేది మొగ్గలో, విచ్చుకునేసరికి ఆ జన్యువులు చాలావరకు చల్లబడిపోతాయి. మొగ్గ దశలవారీగా, రేకు మొదలు, కొన విడివిడిగా తీయండి. ఆమ్లం కలిపిన మెథనాల్‌లో తీసి 530 నానోమీటర్ల దగ్గర కొలిస్తే ఆంథోసయనిన్ తెలుస్తుంది, ఫ్లేవనాల్‌కి మాత్రం హెచ్‌పీఎల్‌సీ (పదార్థాలను విడదీసి కొలిచే పద్ధతి) తప్పదు. మైక్రోఆర్ఎన్ఏ నిజంగా కోస్తోందా అంటే తెగిన ఆర్ఎన్ఏ కొసను 5-ప్రైమ్ రేస్ అనే పద్ధతితో పట్టుకోవాలి, కోత సాధారణంగా మైక్రోఆర్ఎన్ఏ 10, 11 అక్షరాల మధ్యకు ఎదురుగా పడుతుంది. డబ్బు, టైమ్ ఉంటే ప్రోటీన్ మారకుండా ఆ కోత చోటు మాత్రం మార్చిన జన్యువును మొక్కలో పెట్టి చూడండి. రివ్యూయర్లు చివరికి అడిగేది అదే.